కారుకు మెరుగు, చేతికి నిదానం

ప్రాణహిత, గోదావరి కలిసే మన సిరొంచలో వేసవి దుమ్ముకు కారు రంగు ఇట్టే మాసిపోతుంది. మెరుపు కోసమని ఇంట్లోని గ్రైండర్‌కే స్పాంజి తగిలించి రుద్దకండి. చిన్న గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. పాలిషింగుకు 1,000 నుంచి 2,000 సరిపోతాయి. రంగును కాపాడే పైపూత సాధారణంగా తలవెంట్రుక కన్నా పలచన. వేడికి అది పోయిందంటే మళ్లీ రంగు వేయించక తప్పదు.

అందుకే వేగం తగ్గించుకునే పాలిషర్ వాడండి. ముందు కారును బాగా కడగండి. దుమ్ము మీదే తిప్పితే గరుకు కాగితంతో రుద్దినట్టే. నీడలో, అంచులకు టేపు అంటించి, యంత్రాన్ని ఒకేచోట నిలపకుండా నడపండి. గోటికి తగిలేంత లోతు గీతను మాత్రం పాలిష్‌తో పోగొట్టాలని చూడకండి. పూత ఉంటేనే మెరుపు. సెలవు.