ఒండ్రును అడగండి

 

పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థులారా, మీలో కొందరు రేపు పర్యావరణ నివేదికల మీద సంతకాలు చేస్తారు. అందుకే ఈ రోజు కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలోని బురద గురించే మాట్లాడతాను.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవిని పడవలో చూసి వచ్చేవాళ్లు చెట్ల గురించీ పక్షుల గురించీ చెబుతారు. పాటు వేళ గాడేరు అనే గోదావరి పాయ ఒడ్డున దోసెడు ఒండ్రు తీసి, అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి చూడండి. సన్నటి పాలీకీట్ పురుగులు, గోరంత గుల్లలు, నత్తలు, రొయ్యల దూరపు చుట్టాలైన ఆంఫిపాడ్‌లు మిగులుతాయి. రాలిన ఆకును పీతలు బొరియల్లోకి లాక్కెళతాయి. వాటి నుంచి మిగిలింది బాక్టీరియాకు, పురుగులకు దక్కుతుంది. ఆ పురుగులను తిని చేపలు, రొయ్యలు పెరుగుతాయి. కాకినాడ తీరంలో వలేసేవాళ్ల బతుకు ఆ బురదలోనే మొదలవుతుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ మడ అడవుల్లో ఒక పరిశోధన జరిగింది. కొన్ని చోట్ల పీతలను తీసేసి చూశారు. నేలలో సల్ఫైడ్ పెరిగింది, చెట్ల ఎదుగుదల తగ్గింది. 1991లో వెలువడిన ఈ ఫలితాలు నాకెంతో విలువైనవి. పీతలు తవ్విన బొరియల్లోంచే నీరు, గాలి లోపలికి వెళ్లి వేళ్లను బతికిస్తున్నాయని తేలింది. అలాంటప్పుడు ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క ఒక్కటే చూసి అడవి కోలుకుందని ఎలా రాస్తాం?

చెడిన బురద కూడా మాట్లాడుతుంది. మురుగు చేరి ప్రాణవాయువు తగ్గిన చోట రకరకాల జీవులు తప్పుకుంటాయి, కాపిటెల్లా అనే సన్నని పురుగు ఒక్కటే గుంపులుగా పెరుగుతుంది. జల్లెడలో నిండుగా ప్రాణులు కనిపించాయని సంతోషించకండి, ఎన్ని రకాలున్నాయో చూడండి.

ఇంకో మాట. గోదావరికి వరద వచ్చినప్పుడు కోరింగలోని పాయల్లో నీరు దాదాపు మంచినీరే. ఎండాకాలంలో సముద్రమంత ఉప్పు. జీవుల కూర్పు కూడా దానితోపాటే మారుతుంది. వేసవిలో ఒక్కరోజు వెళ్లి తెచ్చిన నమూనాతో ఏడాది మొత్తానికి తీర్పు రాయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. వరదకు ముందూ తర్వాతా అవే చోట్లకు వెళ్లండి, అదే జల్లెడ వాడండి. దొరికిన జీవులను చీటీలు రాసి సీసాల్లో భద్రపరచండి. పదేళ్ల తర్వాత మీ చోటుకు వచ్చే విద్యార్థి వాటిని తీసి పోల్చి చూసుకోవాలి.