స్టోటన్ పట్టణపు చిత్రకారిణి

(ప్రసంగ పాఠం)



పూర్వికుల దేశాన్ని తలచుకొని గర్వించే మనిషి తాను పుట్టిన దేశానికి పూర్తిగా చెందినవాడేనా? ఈ శంక అనేక దేశాలలో తలెత్తినదే. దానికి మాటలతో కాక తన జీవితంతో సమాధానమిచ్చిన ఒక స్త్రీని గురించి నేడు ముచ్చటిస్తాను. ఆమె ఎథెల్ క్వాల్‌హైమ్. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, స్టోటన్ అనే చిన్న పట్టణం ఆమెది.

1825లో స్టావాంగర్ రేవునుండి బయలుదేరిన ఒక చిన్న ఓడతో నార్వేజియనుల అమెరికా వలస ఆరంభమైనది. తరువాతి నూరేండ్లలో సుమారు ఎనిమిది లక్షలమంది ఆ దారి పట్టారు. ఇంటిల్లిపాది సామగ్రిని వారు చెక్కపెట్టెలలో మోసుకొనిపోయేవారు. ఆ పెట్టెలలో అనేకం మీద యజమాని పేరు, సంవత్సరం, వాటి చుట్టూ తీగలు, పూవులు చిత్రించి ఉండేవి. ఆ చిత్రలేఖనానికే రోసెమాలింగ్ అని పేరు. 18వ శతాబ్దంలో నార్వే పల్లెలలో వికసించిన కళ అది. మెలిదిరిగే తీగలు, ఒకే కుంచెవ్రేటులో లావై సన్నబడే గీతలు దాని ప్రాణం. మన ముంగిటి ముగ్గువలె అదికూడా ప్రాంతానికొక తీరు.

ఎథెల్ 1912లో జన్మించారు. ఆమెకు ఆరేండ్ల ప్రాయంలో, ప్రపంచయుద్ధం సాగుతుండగా, పొరుగు రాష్ట్రమైన అయోవా గవర్నరు ఒక ఆజ్ఞ వెలువరించాడు. పాఠశాలలోగాని, చర్చిలోగాని, రైలులోగాని, చివరకు టెలిఫోనులోగాని ఇంగ్లీషు తప్ప వేరు భాష వినబడరాదట! గురి జర్మను భాషపైననే అయినా, దెబ్బ నార్వేజియను ఇండ్లకూ తగిలింది. అమ్మమ్మ భాషలో ప్రార్థించుకొనే ముసలివారి నోరు కట్టివేయడంవలన దేశభద్రతకు ఒరిగినదేమిటో నాకు బోధపడదు. కొద్ది నెలలకే ఆ ఆజ్ఞ రద్దయినది. కాని బెదరిన భాష తిరిగి తేరుకొనలేదు. 1946లో అక్కడి నార్వేజియను లూథరన్ చర్చి తన పేరులోనుండి ‘నార్వేజియను’ అన్న మాటనే తొలగించుకొన్నది.

భాష సన్నగిల్లినచోట కుంచె నిలిచింది. 1907లో నార్వేనుండి వచ్చిన పేర్ లీస్నె స్టోటన్ బండ్ల కర్మాగారంలో రంగులు వేసేవాడు. ఆ పని సన్నగిల్లిన ఆర్థికమాంద్యపు రోజులలో పళ్ళేల మీద, బీరువాల మీద తన ఊరి పూవులను చిత్రించనారంభించాడు. ఆయన పొరుగున ఉన్న ఎథెల్ ఆ పనిని చూచి, సాధనచేసి, తానై నేర్చుకొన్నారు. 1814 నాటి నార్వే రాజ్యాంగ దినమైన మే 17ను పండుగగా జరుపుకొనే ఆ పట్టణంలో ఆమె దశాబ్దాలపాటు చిత్రించారు.

1989లో అమెరికా జాతీయ కళానిధి సంస్థ, జానపద కళలకు ఆ దేశం ఇచ్చే అత్యున్నత గౌరవమైన జాతీయ వారసత్వ పురస్కారాన్ని ఆమెకు ప్రదానం చేసింది. అది నార్వే ఇచ్చినది కాదు, అమెరికా ఇచ్చినది. ఆమె కళ తమదేనని ఆ జాతి ఒప్పుకొన్న గుర్తు అది.

ఎథెల్ 2007లో కన్నుమూశారు. అంతకు ఎంతో పూర్వమే డెకోరా పట్టణంలోని వెస్టర్‌హైమ్ అనే నార్వేజియను వారసత్వ మ్యూజియం ఆమెను స్వర్ణపతకంతో గౌరవించింది. నేటికీ ఆ మ్యూజియంలో రోసెమాలింగ్ నేర్పుతున్నారు. ఆ డెకోరా ఉన్నది, 1918లో నిషేధాజ్ఞ వెలువడిన అయోవా రాష్ట్రంలోనే.