తాత మాత్రలో సగం మనవడికా?



మాత్ర పెద్దవాళ్ళకి ఒకటైతే పిల్లలకి అర అనే లెక్క మనందరికీ అలవాటే. క్షయ మందుల దగ్గర ఈ లెక్క ఎంత ప్రమాదమో నా కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

ఎడ్లపాడులో మా పెద్దమ్మగారింటికి వెళ్ళాను. పెదనాన్నగారు అప్పటికి క్షయకి మందులు వాడుతున్నారు. మూడేళ్ళ మనవడికి రెండు వారాలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చన, తిండి సయించదు. పెద్దమ్మ అడకత్తెర తెచ్చి పెదనాన్న మాత్రని రెండు ముక్కలు చేస్తోంది. "ఇద్దరిదీ ఒకటే జబ్బు కదే అమ్మాయ్, డాక్టరు దగ్గరికెందుకూ?" అంది.

"ఆగు పెద్దమ్మా!" అని చెయ్యి పట్టుకున్నాను. మర్నాడు పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చిన్నపిల్లలకి కళ్ళె ఉమ్మడం రాదు కదా, పొద్దున్నే పరగడుపున కడుపులోని నీరు తీసి పరీక్షించారు. జబ్బు క్షయే. పిల్లాడి బరువు 10 కిలోలు.

అప్పుడు డాక్టరమ్మ కాగితంమీద లెక్క వేసి చూపింది. పెద్దల మాత్రలో ఐసోనియజిడ్ 75 మిల్లీగ్రాములు ఉంటుంది. సగం చేస్తే 38కి లోపే. ఈ పిల్లాడికి రోజూ కావలసింది 100! రిఫాంపిసిన్ 150 కావాలి, సగం మాత్రలో ఉండేది 75.

"ఇంత పసివాడికి అంత మందా?" అని పెద్దమ్మ నోరు నొక్కుకుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పిల్లల కాలేయం పెద్దవాళ్ళకన్నా పెద్దది. మందుని త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే కిలో బరువుకి ఐసోనియజిడ్ పెద్దలకి 5 మిల్లీగ్రాములైతే, పిల్లలకి 10. రిఫాంపిసిన్ పెద్దలకి 10, పిల్లలకి 15. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పిల్లల మోతాదును ఇలా పెంచింది. మందు చాలకపోతే క్రిములు చావవు సరికదా, ఆ మందుకే లొంగకుండా మొండికేస్తాయి. పసిపిల్లల్లో జబ్బు మెదడుకి కూడా పాకవచ్చు.

పిల్లలకి వేరే మాత్రలున్నాయి. నీళ్ళలో వేస్తే కరిగిపోతాయి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మావాడికి రోజుకి రెండు మాత్రలు, ఇథాంబ్యుటాల్ విడిగా ఇచ్చారు. బరువు పెరిగితే మాత్రలూ పెరుగుతాయి గనుక నెలనెలా తూయించాలి. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి, అది రిఫాంపిసిన్ రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మందగించినా వెంటనే డాక్టరుకి చూపించండి. రెండు నెలలకే పిల్లాడు తేరుకుని ఆడుకుంటాడు. అప్పుడే మనం మందు మరచిపోతాం! మొత్తం ఆరు నెలలూ వాడి తీరాలి.

ఇంకొక్కమాట. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే, ఐదేళ్ళలోపు పిల్లలు బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జబ్బు రాకుండా కూడా మందు ఇస్తారు. పౌష్టికాహారానికి ప్రభుత్వం నెలకి 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. అడిగి తీసుకోండి. మొహమాటం వద్దు.

ఆరు నెలలయ్యాక మావాడు మూడు కిలోలు పెరిగాడు. అడకత్తెర మళ్ళీ వక్కల డబ్బాలోకి చేరింది. అది అక్కడే ఉండాలి మరి! సెలవు.