దుప్పటి ఎత్తి చూడండి

డాక్టర్లవుతున్న పిల్లలూ, మీతో మాట్లాడతాను.

నాది దమ్మపేట. ఇప్పుడు అటు వెళితే ఎటుచూసినా పామాయిల్ తోటలు, అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు మోసుకెళ్లే ట్రాక్టర్లు. నా చిన్నతనంలో పొద్దున్నే మోకు, ముస్తాదు కట్టుకుని తాడిచెట్టెక్కే గీత కార్మికులను చూస్తూ పెరిగాను. పడినవాళ్లనూ చూశాను. "నడుం పడిపోయింది" అనేవారు. కాళ్లు రావని మాత్రమే ఆ మాటకు అర్థం. బీపీ, చెమట, మూత్రం సంగతి ఎవరి నోటా వచ్చేది కాదు.

పీజీ చేస్తున్న రోజుల్లో అలాంటి మనిషే మా వార్డులో ఉండేవాడు. చెట్టు మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మూడు నెలలు గడిచాయి. ఒక రాత్రి తల పగిలిపోతోందన్నాడు. ముఖం కందిపోయింది, నుదుటి నుంచి చెమట కారుతోంది, పాదాలు ముట్టుకుంటే మంచు. ఎప్పుడూ వందకు అటూఇటూ ఉండే బీపీ 210. నాడి చూస్తే 50. మాత్ర రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను. అరగంట తర్వాత పక్క మార్చడానికి వచ్చిన ఆయా పిలిచింది: "సారూ, పైపు మడతబడ్డది." తొడ కింద నలిగిన మూత్రం పైపును సరిచేసింది. బ్యాగు నిండింది, చూస్తుండగానే బీపీ దిగింది. అతను బతికాడు. ఆ అరగంటలో మెదడులో రక్తనాళం చిట్లి ఉంటే, ఆ తప్పు నాది.

అతని వెన్నుపాములో ఏం జరిగిందో మీరు పరీక్షల్లో రాశారు. ఛాతీ మొదటి ఖండం నుంచి నడుము రెండో ఖండం దాకా, బూడిదరంగు పదార్థం పక్కకు పొడుచుకొచ్చినచోట సింపథెటిక్ కణాలు ఉంటాయి. రక్తనాళం బిగించాలన్నా, చెమట పట్టించాలన్నా ఇవే. కానీ సొంతంగా తీర్మానించవు. మెడుల్లా నుంచి, హైపోథాలమస్ నుంచి, వెన్నుపాములోని ఇరుగుపొరుగు కణాల నుంచి వచ్చే సినాప్స్‌లన్నీ కలిసి చెప్పినట్టు వింటాయి. గ్లూటమేట్ కానిమ్మంటుంది, గాబా ఆగమంటుంది. 1989లో అమెరికాలో లోవీ బృందం, సినాప్స్ దాటి వెనక్కి పాకే సూడోరేబీస్ వైరస్‌ను ఎలుకల్లోకి పంపి, మెదడులో ఐదు చోట్ల నుంచి ఈ కబుర్లు దిగుతున్నాయని చూపింది.

మెడ దగ్గర దెబ్బ తగిలితే ఆ కబుర్లు దిగవు. కణాలు మాత్రం చావవు. నిండిన మూత్రాశయం కింద నుంచి పెట్టే కేక ఒక్కటే వినిపిస్తుంది, ఆగమనేవాళ్లు లేరు. రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరిగిందని మెదడుకు తెలుస్తుంది. వేగస్ నరం వెన్నుపాములోంచి పోదు కాబట్టి గుండెను నెమ్మదింపజేస్తుంది, రక్తనాళాలకు మాత్రం మాట చేరదు. అందుకే ఆ 210 పక్కన 50. మూత్రాశయం నిండితే ఒళ్లు చెమటలు పట్టడాన్ని హెడ్, రిడాక్ అనే డాక్టర్లు 1917లోనే గాయపడ్డ సైనికుల్లో చూసి రాశారు. నాకేమో ఒక ఆయా చెప్పాల్సి వచ్చింది.

నా బెంగంతా ఇక్కడే. ఏ వార్డుకెళ్లినా మీ చూపు మానిటర్‌మీద, చెయ్యి ఫోన్‌మీద. రోగి మీది దుప్పటి ఎత్తడానికి మీకంత మొహమాటమేమిటర్రా? వెన్నుపాములో ఛాతీ ఆరో ఖండం దగ్గరో, అంతకు పైనో దెబ్బ తగిలినవాళ్లకు తలనొప్పి అంటే ముందు లేపి కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి వేలాడనివ్వండి, బిగుతు బట్టలు వదులు చేయండి, పైపు చూడండి. అది బాగుంటే మలం బిగిసిందేమో, పుండు పడిందేమో వెతకండి. అప్పటికీ దిగకపోతే మందు. ఇదంతా ఇంటివాళ్లకు నేర్పకుండా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకండి. అడవి అంచు పల్లెలో అర్ధరాత్రి పెద్దాసుపత్రి ఎంత దూరమో నాకు తెలుసు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా సంతోషించాను. కానీ ఇప్పటికే పడినవాళ్లు మంచాల్లో ఉన్నారు, వాళ్లు మీవాళ్లు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్లి, మూడేళ్ల క్రితం చెట్టు మీంచి పడ్డ ఒకతన్ని చూడబోయాను. అతని భార్య నాకు టీ ఇచ్చి, కొడుకు చదువు గురించి చెబుతోంది. చెబుతూనే వంగి దుప్పటి కొస ఎత్తింది, పైపు మీద వేళ్లు పోనిచ్చి చూసి, మళ్లీ కప్పింది.