బాలల కథలలో భయము



పసివారి కథలలో చావు, అపహరణము, క్రూరత్వము ఉండదగునా అని పలువురు తల్లిదండ్రులు శంకింతురు. ఆ శంక త్రోసివేయదగినది కాదు.

తెలుగునాట బాలనాగమ్మ కథ ఎరుగనివారరుదు. మాయల ఫకీరు పసిబిడ్డ తల్లిని ఎత్తుకొనిపోవును. బిడ్డకు అంతకు మించిన భయమేమున్నది? కాని ఆ బిడ్డయే, బాలవర్ధిరాజు, పెరిగి, ఫకీరు ప్రాణము దాగిన చిలుకను పట్టి తల్లిని విడిపించును. భయమును తొలగించినచో ఆ ధైర్యమునకు తావు లేదు.

15వ శతాబ్దమున అనంతామాత్యుడు భోజరాజీయమున చెప్పిన ఆవు పులి కథలో, సత్యమునకు మెచ్చి పులి ఆవును విడుచును. తంబళ్లపల్లెకు పడమటనున్న కన్నడ సీమ పుణ్యకోటి పాటలో పులి పశ్చాత్తాపముతో తన ప్రాణమే విడుచును. ముగింపులు వేరైనను, దూడ తల్లిని కోల్పోవునను దిగులు లేక సత్యము విలువ ఏ కథలోను తెలియదు.

జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలో బిడ్డలను అడవిలో విడువుమన్నది కన్నతల్లి. తరువాతి ముద్రణలలో ఆమెను సవతితల్లిగా మార్చిరి. అడవి భయము తగ్గలేదు. సవతితల్లులకు నింద మాత్రము మిగిలెను. పరిశీలింపవలసినది ఇట్టి నిందనే.

అవ్వ ఒడిలో కథ విను బిడ్డ, భయపడిన ఆమె కొంగు పట్టుకొనును. పుస్తకమునకు కొంగు లేదు. కనుక గ్రంథాలయమున పిల్లల ప్రక్కన పెద్దలు కూర్చుండి చదువవలెను. భయము తీరక మునుపు కథను ఆపరాదు.