గోదావరి అవతల, సముద్రాల అవతల



పరాయి దేశంలో ఆరునెలలుండి వస్తే, "హమ్మయ్య, ఇల్లు చేరావు" అంటారు అందరూ. నేనూ "హమ్మయ్య" అన్నాను. కానీ మీ దగ్గర దాపరికమెందుకు?

2022 ఫిబ్రవరిలో మా అమ్మాయి పురుటికని భద్రాచలం నుంచి డల్లాస్ వెళ్ళాను. గిరిజన సహకార సంస్థ వారి తేనె, కారప్పొడి, సాంబ్రాణి మోసుకెళ్ళాను. సాంబ్రాణి వేశానో లేదో, పొగ గంట మోగి ఇల్లంతా హడలిపోయింది! పగలు పలకరించే మనిషి లేక, తిరుగు ప్రయాణానికి రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

జూలైలో గోదావరి పొంగింది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ 16న నీళ్ళు 71 అడుగులు దాటాయి. మా ఇల్లు కరకట్ట పక్కనే, ఇంట్లో మా అత్తగారు. మనవణ్ణి భుజాన వేసుకుని జోకొడుతూ, ఫోనులో అడుగులు చూస్తూ రాత్రంతా గడిపాను. ఆవిణ్ణి మరిది కొత్తగూడెం తీసుకెళ్ళాడని తెలిశాకే ముద్ద దిగింది. రెక్కలుంటే ఆ రాత్రే వచ్చేసేదాన్ని.

తీరా ఆగస్టులో పెట్టె సర్దబోతే చేతులాడలేదు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం పురుటి సెలవు 12 వారాలే, అదీ జీతం లేకుండా. అమ్మాయి అప్పటికే పనిలో చేరింది. నేను కదిలితే నాలుగు నెలల పసివాడు డే కేర్‌కి వెళ్ళాలి. "ఇంకొన్నాళ్ళు ఉండమ్మా" అని అది ఒక్కసారీ అనలేదు. గడువు సంగతి దానికి తెలుసు.

ఇంటికొచ్చి గోడలకు పట్టిన బురద కడుగుతుంటే, "అప్పుడే ఎందుకొచ్చావే?" అన్నారు అత్తగారు. గడియారం వంక చూశాను. ఉదయం తొమ్మిది. డల్లాసులో రాత్రి పదిన్నర, వాడు పాలకు లేచే వేళ.