చిత్తచాంచల్యము – కాలపరీక్ష



నేడు నేను విచారింపబూనిన వ్యాధులు రెండు: బైపోలార్ డిజార్డర్ అనునది యొకటి, బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనునది రెండవది. నిలుకడ లేని మనస్సు, దుడుకుమాట, వెనుకముందు చూడని వ్యయము, ప్రాణముపై విరక్తి రెండింటను గానవచ్చుటచే, ఒకదానిని వేరొకటిగా భ్రమించుట వైద్యులయందు సైతము కలదు. ఇంటివారన్ననో “వాడి బుద్ధే అంత” యని తీర్పు చెప్పి యూరకుందురు.

మొదటిదాని చరిత్ర ప్రాచీనము. 1854లో పారిస్ నగరమున ఫాల్రే, బయార్జే అను వైద్యులిరువురు, ఈ ఘనత ముందు నాదన్న నాదని కలహించుచునే, ఉన్మాదవిషాదములు, అనగా మనస్సు మితిమీరి పొంగుటయు క్రుంగుటయు, ఒకే రోగమునందలి దశలని ప్రతిపాదించిరి. రెండవదానిని 1938లో అమెరికాలో ఆడాల్ఫ్ స్టెర్న్ అను మనోవిశ్లేషకుడు వర్ణించినను, 1980 నాటి అమెరికా మనోవైద్యసంఘ వర్గీకరణగ్రంథము వెలువడువరకు దానికి స్థిరమైన స్థానము లభింపలేదు.

ఇక భేదమును చూతము. మొదటి వ్యాధిచే నున్మాదదశ నందిన యువకు నొకని నూహింపుడు. వారము దినములుగా రాత్రికి రెండేసి గంటలు మాత్రమే నిద్రించియు, అలసట యన్నది యెరుగక, తెల్లవారుజాముననే లేచి, పైకము లేని వ్యాపారమునకు బోర్డు వ్రాయించి, దారిన బోవువానిని నిలిపి తన పథకములను వివరించుచుండును. ఎవరేమన్నను అన్నమాటతో నిమిత్తము లేకయే యాతని పొంగు సాగుచుండును. ఉన్మాదమని నిర్ణయించుటకు సామాన్యముగా నొక వారమును, దాని లఘురూపమునకు నాలుగు దినములును, విషాదమునకు రెండు వారములును ఆ స్థితి నిలువవలెనని నియమము. దశ గడచిన పిమ్మట పలువురు తమ పూర్వస్వభావమునకు మరలుదురు.

రెండవ వ్యాధి గల యువతి యట్లు గాదు. ఉదయమున ప్రాణస్నేహితురాలు ఫోను ఎత్తకపోయినచో, “నన్ను వదిలేసింది” అను భయము క్షణములో క్రోధమగును. నిన్నటి దేవత నేటి ద్రోహియగును. మధ్యాహ్నమునకు తన శరీరమునకే హాని తలపెట్టును. సాయంకాలమున ఆ ఫోను మ్రోగినంతనే ముఖము వికసించును. ఏడాది పట్టవలసిన ఋతువుల మార్పు ఒక్క దినములో జరిగినట్లుండును. ఆ పొంగుక్రుంగుల వెనుక దరచుగా నొక బంధము, దానిని గోల్పోదునను భీతి, లోపల నెన్నటికిని నిండని శూన్యత యుండును. దీనిని నటన యనుట క్రూరము. ఆ బాధ యథార్థము.

నా మట్టుకు, వైద్యుడడుగదగిన ప్రశ్నలలో నిద్రను గూర్చినదే మిన్న. నిద్రపట్టక తల్లడిల్లుట వేరు, నిద్రయే యక్కరలేకపోవుట వేరు. ఇట్లు నిద్ర యక్కరలేకపోవుట యున్మాదమునకు బలమైన చిహ్నము. అయినను ఈ వ్యాధులు రెండును ఒక్కరియందే కలిసియుండుటయు గలదు.

పేరు మారిన నష్టమేమందురా? చికిత్సయే మారును. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించిన లిథియము నేటికిని మొదటి వ్యాధికి ప్రధానౌషధములలో నొకటి; అది వాడువారికి రక్తపరీక్షలు, మూత్రపిండములను, థైరాయిడును కనిపెట్టి చూచుటయు తప్పవు. ఆ రోగియందు విషాదమును మాత్రము చూచి, విషాదమునకు వాడు మందొక్కటే యిచ్చినచో, ఉన్మాదము రేగవచ్చును. రెండవదానికి మందు ఊతమేగాని మూలచికిత్స గాదు. క్రమబద్ధమైన మాటల చికిత్సయే ప్రధానము. అట్టి పద్ధతి నొకదానిని నిర్మించి 1991లో దాని ఫలితములను ప్రకటించిన మార్షా లినెహాన్, తానును యౌవనమున నట్టి యాతన ననుభవించితినని 2011లో బహిరంగముగా జెప్పెను.

కావున కుటుంబీకులకు నా విన్నపమిది: వైద్యుని చెంతకు బోవునపుడు, ఆ స్థితి యెన్నాళ్లుండెను, దానికి ముందేమి జరిగెను, నిద్ర యెట్లుండెను, వంశమున నిట్టివారు గలరా యను నాలుగింటిని కాగితముపై వ్రాసికొని పొండు. ప్రాణభయము తోచినచో రేయింబవళ్లు ఆగక పనిచేయు మానసికారోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఆ క్షణముననే ఫోను చేయుడు.